వేలెత్తని బండి

రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉండాలి, ఏం జరిగినా తియ్యకూడదు అని నూరిపోసింది నాకు బండి నేర్పిన పట్నం ఆవిడ, కాబట్టి తియ్యను. ముక్కు దురద పెడుతోంది, తియ్యను. కళ్ళజోడు జారి ముక్కు చివరికొచ్చింది, అయినా తియ్యను, ఇవాళ నా తలకాయే ఊడి ఒళ్ళో పడినా దాన్ని మోకాళ్ళతో పట్టుకుంటానేగానీ చేతులు కదిపేది లేదు. గేటు దాటి కంకర రోడ్డెక్కి ఎంతసేపయిందో తెలియదు. గడియారం వైపు చూస్తే రోడ్డు మీంచి చూపు పోతుంది, చూపు పోతే బండి పోతుంది. పక్క సీట్లో అమ్మమ్మ నాటి పెద్ద గిన్నె కూర్చుని ఉంది, సీటు బెల్టు పెట్టుకుని, నాకంటే ధీమాగా. దానికేం పోయింది. పెళ్ళైన దగ్గర్నుంచీ నేనూ ఆ సీట్లో అలాగే కూర్చున్నాను, చేతులు ఒళ్ళో పెట్టుకుని పొలాలు చూసుకుంటూ, ఒరెస్ట్ నడుపుతుంటే. మొగుడు నడిపే బండిలో కూర్చున్నన్నాళ్ళూ కెనడాలో మా సస్కాచెవాన్ అంతా బల్లపరుపుగా ఉంటుందనుకున్నాను. ఎన్ని గుంటలున్నాయో ఇప్పుడు తెలుస్తోంది.

ఏప్రిల్ ఎండ ఇంకా పూర్తిగా రాలేదు, తూర్పున కొంచెం పసుపు, మిగతా ఆకాశమంతా గిన్నెలు కడిగిన నీళ్ళ రంగు. మంచు కరిగి పొలాల్లో చెరువులు కట్టింది. పోయినేడు కోసిన గోధుమ మోళ్ళు నీళ్ళల్లోంచి పైకి లేచి ఉన్నాయి, ఒరెస్ట్ గడ్డం గీసుకోని రోజుల్లో ఉన్నట్టు. ఈమధ్య గీసుకోని రోజులే ఎక్కువ. ఆ మోళ్ళల్లో మా పొలంవి కొన్ని అతను కోసినవి కావు. సగం కోత అయ్యేసరికి, కోతయంత్రం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే మూర్ఛొచ్చి పక్కకి ఒరిగిపోయాడు, యంత్రం దానంతట అది వంకరగా పోయి కంచె గుద్దుకుని ఆగింది. మిగతా పంట చుట్టుపక్కలవాళ్ళు తలా ఓ యంత్రం తెచ్చి ఒక్క పూటలో కోసి పెట్టారు, నేను అందరికీ వంట చేశాను, బంగాళాదుంప ముద్ద కూరి ఉడకబెట్టిన పిరోహీలు వెన్నలో వేయించి పళ్ళేలకి పళ్ళేలు మోశాను. ఒరెస్ట్ వంటింటి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని చూశాడు, బయటికి రాలేదు. డాక్టరు బండి నడపకూడదన్నాడు, ట్రాక్టరు కూడా, మళ్ళీ తను సరేననేదాకా. అప్పుడు కూర్చున్నవాడు ఆ కుర్చీలోంచి చలికాలమంతా లేవలేదు. ఫోన్ మోగితే ఎత్తడు. ఎవరైనా పలకరించడానికొస్తే కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తాడు, గురక కూడా పెడతాడు, నిజంగా నిద్రపోతే పెట్టడు ఆ గురక, నాకు తెలియదా. పోనీ ఎవరిదైనా బండిలో ఊళ్ళోకి వెళ్ళొద్దామా అంటే, "పక్క సీట్లో నేను కూర్చోను," అన్నాడు. అంతే, ఆ మాట మీద చలికాలం గడిచిపోయింది.

మనిషికి ఇంత పొగరేమిటని నాకు ఒళ్ళు మండిపోయేది. మండి మండి ఒకరోజు నేనే వెళ్ళి డ్రైవింగు క్లాసులో చేరాను. నలభై తొమ్మిదేళ్ళ వయసులో, పదహారేళ్ళ పిల్లల పక్కన. లైసెన్సు చేతికొచ్చిన వారానికి ఊళ్ళో పిల్లల బడిలో వంటమనిషి పని ఖాళీ ఉందని తెలిసింది, అడిగాను, ఇచ్చారు. ఇవాళే మొదలు. పిల్లలకి మధ్యాహ్నం బీట్‌రూట్ సూపు నేనే కాచాలి, ఈ గిన్నెలోనే. రోజూ వేళకి రాగలిగితేనే సుమండీ అని ప్రిన్సిపాల్ మర్యాదగానే చెప్పింది, ఆకలేసిన పిల్లలు రోడ్డు బాగాలేదంటే వినరు కదా అంది, నిజమేగా. రాగలిగితే ఈ పని మీద ఇల్లు గడుస్తుంది, డాక్టరు దయ తలిచేదాకా పొలం మా చేతుల్లోనే ఉంటుంది. రాలేకపోతే పొలం అమ్మేసి పట్నంలో ఒరెస్ట్ వాళ్ళ అక్క ఇంటి కింద రెండు గదుల్లోకి పోవాలి. ఆ గదుల కిటికీలు నేలమట్టాన ఉంటాయి, అందులోంచి చూస్తే దారిన పోయేవాళ్ళ చెప్పులు కనిపిస్తాయి. ఆ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఆ చెప్పులు చూస్తూ కూర్చుంటాడు ఒరెస్ట్. అందుకే చేతులు తియ్యను. పొద్దున బయల్దేరుతూ వెళ్ళొస్తానన్నాను, ఊఁ అన్నాడు కిటికీలోంచి తల తిప్పకుండానే. జాగ్రత్త అని ఒక్క మాట అంటే ఏం పోయేది. అనకపోయినా పర్లేదులే, నేనే అనుకున్నాను నాకు.

అదుగో ఆ మలుపుకి ఇవతల, ఇక్కడి నుంచి కనిపించదు కానీ, స్టెఫా మడుగు ఉంది. స్టెఫా అంటే నేనే. పెళ్ళైన కొత్తలో, ఈస్టరు పొద్దున, గుడికి వెళ్తూ, నేను నడుపుతా నేను నడుపుతా అని ఒరెస్ట్‌ని వేపుకు తిని స్టీరింగ్ పట్టుకున్నాను, గుళ్ళో తీర్థం చల్లించాల్సిన పండగ బుట్ట ఒళ్ళో పెట్టుకుని అతను పక్కన కూర్చున్నాడు, మలుపు దగ్గర చక్రాలు జారి బండి మర్యాదగా, ఏమాత్రం తొందర లేకుండా వెళ్ళి మడుగులో దిగింది. మోకాళ్ళదాకా నీళ్ళు. తలుపు తెరవగానే బుట్ట బయటికి తేలింది, రొట్టె, వెన్న, మైనంతో ముగ్గులు పెట్టి రంగు వేసిన గుడ్లు, దాని మీద నేను కుట్టిన గుడ్డ, అన్నీ కలిసి బాతులా తేలుకుంటూ మడుగు మధ్యకి పోయాయి. వెనకాల బళ్ళల్లో గుడికి వెళ్తున్న ఊరు ఊరంతా ఆగింది. ఫాదర్ కూడా ఆగాడు. గట్టు మీద నిలబడి, "బుట్ట మీద తీర్థం నేను చల్లక్కర్లేదులే అమ్మాయ్, నువ్వే ముంచేశావు," అన్నాడు, ఇక చూసుకోండి. వేలెత్తి చూపించి నవ్వనివాడు లేడు. అందరికంటే గట్టిగా నవ్వింది ఒరెస్టే. తాళాలు అతని చేతిలో పెట్టి ఇంక జన్మలో ముట్టనన్నాను, ముట్టలేదు. ఊరు మాత్రం మర్చిపోలేదు, ఆ నీళ్ళగుంటకి అంతకుముందు పేరే లేదు, ఆ రోజు నుంచీ అది స్టెఫా మడుగు. ఇప్పటి పిల్లలకి ఆ స్టెఫా ఎవరో కూడా తెలియదు. పనికి మాట్లాడటానికెళ్ళినప్పుడు ప్రిన్సిపాలే అడిగింది, "మీరు స్టెఫా మడుగు దాటుకుని రావాలి కదండీ, ఈ రోజుల్లో నీళ్ళు రోడ్డు మీదికొస్తాయట. ఆవిడెవరో పాపం, అందులో పడి పోయిందా?" అని. ఏమోనండీ పాపం, అన్నాను నేను. అని ఇంటికొచ్చి వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను, ఒరెస్ట్‌కి చెబుదామనుకుంటే గురక పెడుతున్నాడు, ఆ దొంగ గురక.

ఎదురుగా బండి. నీలం బండి, ఒక దీపం మసక, అంటే నెస్టర్. మా పక్క పొలం ఆయన, డెబ్భై దాటాయి, నా పెళ్ళిలో అకార్డియన్ వాయించాడు. రోడ్డు ఇంత సన్నంగా ఎప్పుడయింది, రెండు బళ్ళు ఎలా పడతాయి, కుడిపక్క గుంటలో నీళ్ళు, అటు చూడకు స్టెఫా, ఎటు చూస్తే అటు పోతుంది బండి, ముందుకి చూడు, ఊపిరి తీసుకో, తీసుకున్నదాన్ని వదులు కూడా. నెస్టర్ దగ్గరికొచ్చాడు, స్టీరింగ్ మీంచి చూపుడువేలు ఒక్కటి లేపాడు, ఇక్కడ కంకర రోడ్ల మీద అందరూ లేపినట్టే. చెయ్యంతా ఊపడం పట్నంవాళ్ళ వేషం, మాకు ఒక్క వేలు చాలు, అందులోనే బాగున్నావా ఉంది, వాన పడిందా ఉంది, నిన్ను చూశానులే ఉంది. నేను పళ్ళన్నీ కనబడేలా నవ్వాను. వేలు మాత్రం లేపలేదు, లేపితే మిగతా తొమ్మిదీ ఏం చేస్తాయో నమ్మకం లేదు. వెళ్ళిపోయాడు. రాసుకోలేదు, గుద్దుకోలేదు, గుంటలో పడలేదు, నేను, ఈ స్టెఫా, ఇంకో బండి పక్కనించి దాటాను. అమ్మమ్మ గిన్నెకి ఈ మాట పైకే చెప్పాను.

అద్దంలో చూస్తే ఎర్రదీపాలు. నెస్టర్ ఆగాడు. ఆగి బండి వెనక్కి తిప్పుతున్నాడు, తిప్పి నా వెంట పడుతున్నాడు. ఏమయింది, టైరు పోయిందా, వెనక తలుపు ఊడిందా, బడి వంటకని వెనక వేసుకున్న గోధుమపిండి బస్తా పడిపోయిందా? దీపాలు వెలిగించి ఆర్పుతున్నాడు. రోడ్డు పక్కకి తీసి ఆపాను, ఇంజను గుక్కపట్టి ఆగిపోయింది, పోతే పోయింది. ఆ వయసులో మనిషి బురదలో పరిగెడుతున్నాడు, టోపీ ఒక చేత్తో పట్టుకుని. కిటికీ అద్దం దించాను.

"ఒరెస్ట్‌కి ఏమయింది?" అన్నాడు ఆయాసపడుతూ.

"ఏమవడమేమిటి? ఇంట్లో ఉన్నాడు."

"నిజం చెప్పు తల్లీ. ఆసుపత్రికేనా? పోయాడా?"

"నీ నోరు మంచిది కాదు! బడికెళ్తున్నా, ఇవాళే పనిలో చేరడం. ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెప్పడమేమిటి, మీ బండే చెప్పింది. ఇన్నేళ్ళలో ఆ బండి నా పక్కనించి వేలెత్తకుండా పోయిందా ఎప్పుడైనా? తుపానులో కూడా ఎత్తింది. ఇవాళ చూస్తే రాయిలా పోయింది. ఇంకేముంది, అయిపోయిందనుకున్నా."

"రెండు చేతులూ తియ్యకూడదన్నారయ్యా నేర్పినావిడ!"

నెస్టర్ నన్ను చూశాడు, స్టీరింగ్ మీద తెల్లబడిపోయిన నా వేళ్ళు చూశాడు, బెల్టు పెట్టుకున్న గిన్నెని చూశాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "బండి తిప్పుతూ మీ ఇంటికి ఫోన్ చేశా, ఎత్తలేదు," అన్నాడు. ఎత్తడులే, చలికాలమంతా ఎత్తలేదు, అన్నాను, అంటూనే నా ఫోన్ తీసి కొట్టాను, నాదైతే ఎత్తుతాడు, నాదైతే రెండో మోతకే ఎత్తుతాడు, కావాలని ఫోను అతని పక్కనే పెట్టొచ్చాను. మోగింది. మోగుతూనే ఉంది. మళ్ళీ చేశాను. నాకు మా వంటింటి నేల కనిపిస్తోంది, కిటికీ కింద, కుర్చీ పక్కన.

"నేను వెనక్కి వస్తా," అన్నాను.

"ఈ రోడ్డు మీద బండి తిప్పడం వచ్చా నీకు?"

రాదు. వెనక్కి నడపడం పరీక్షరోజు ఒక్కసారి చేశాను, అదీ ఖాళీ మైదానంలో, కళ్ళు సగం మూసుకుని. రాదని తల ఊపాను, ఏడుపొచ్చింది.

"ముందుకి వచ్చుగా?"

"వచ్చు."

"మరింకేం, ముందుకే పో. మీవాణ్ణి నేను చూస్తా. పిల్లలు సూపు కోసం కూర్చుంటారు." అని నా భుజం మీద ఒకటి చరిచి మళ్ళీ బురదలో పరిగెత్తాడు.

ముందుకే వచ్చు, ముందుకే పో. ఇంజను రెండోసారికి అందుకుంది. చేతులు స్టీరింగ్ మీదున్నాయి, మనసు మాత్రం వెనక సీట్లో మోకాళ్ళ మీద కూర్చుని వెనకద్దానికి ముక్కు ఆనించి చూస్తోంది. నెస్టర్ బండి చిన్నదైపోయింది. మా చెట్లు, మా ఇనుప గాదె, ఈ నేల చదును కాబట్టి ఎంత దూరం పోయినా అవి పోవు, మడుగు మలుపు తిరిగేదాకా కనిపిస్తూనే ఉంటాయి. వెళ్ళొస్తానంటే ఊఁ అన్నాడు, అది చివరి మాట ఊఁ అవుతుందా, ఇరవయ్యేడేళ్ళ కాపురం చేసి చివరికి ఒక ఊఁ? అలా అనుకోకు. నువ్వు ఎప్పుడూ ఇంతే, అమ్మ అనేది, రొట్టె పొయ్యిలో పెట్టకముందే మాడిందని ఏడుస్తావని. ఎంత పొగరైతేనేం, మనిషి ఉంటే చాలు, గురక పెడితే పెట్టుకోనీ దొంగ గురక, గడ్డం నేనే గీస్తాను. ఇన్నాళ్ళూ ఎదురొచ్చినవాళ్ళందరికీ అతను వేలు లేపుతుంటే ఇద్దరి తరఫునా లేపినట్టే అనుకున్నాను, అది నడిపేవాళ్ళ పనని ఎప్పుడూ ఆలోచించలేదు. బాతులు వస్తున్నాయి దక్షిణం నుంచి, గుంపులు గుంపులుగా, ఒకటే గోల, వాటికి దారి ఎవరు నేర్పారో, ముందున్నది అలిసిపోతే వెనక్కి పోయి ఇంకోటి ముందుకొస్తుందట, ఒరెస్టే చెప్పాడు ఎప్పుడో ఈ రోడ్డు మీదే. అదుగో మడుగు. నీళ్ళు నిజంగానే రోడ్డెక్కాయి, పల్చగా, ఈ అంచు నుంచి ఆ అంచుకి, కంకర కనిపించీ కనిపించక. ఫోన్ మోగింది.

ఆపాను. ఈసారి ఇంజను ఆగకుండా ఆపాను, అది తర్వాత గుర్తొచ్చింది.

"ఉన్నాడు, ఉన్నాడు!" నెస్టర్ గొంతు, గాలి హోరులో. "గాదె నిచ్చెన మీద ఉన్నాడు మీ ఆయన. మెళ్ళో బైనాక్యులర్సు. ఇంట్లో వేసుకునే చెప్పులతో ఎక్కాడమ్మా ఈ చలిలో. ఇదుగో, ఇస్తున్నా."

అటునుంచి ఊపిరి వినిపించింది, తర్వాత ఒరెస్ట్ గొంతు, "బ్రేకు మీంచి కాలే తియ్యడం లేదు నువ్వు. వెనక దీపం ఆరితే ఒట్టు. గేటు దగ్గర్నుంచీ చూస్తున్నా."

"నిచ్చెన దిగు!" అని అరిచాను. "దిగు ముందు! మూర్ఛొచ్చే మనిషివి నిచ్చెనెక్కుతావా? బుద్ధుందా? ఇక్కడ నా ప్రాణం పోయింది!"

"రెండో మెట్టు మీదే ఉన్నా. నెస్టర్ నా బెల్టు పట్టుకున్నాడు, కుక్కని పట్టుకున్నట్టు. అతనికి వేలెందుకెత్తలేదు?"

"భయమేసింది."

నిచ్చెన ఇనుము మీద అతని చెప్పు రాసుకున్న చప్పుడు వినిపించింది.

"నాకూ," అన్నాడు. "ఆ రోజు పొలంలో పడ్డ దగ్గర్నుంచీ నాకు బండంటేనే భయం స్టెఫా. ఏ సీటైనా. డాక్టరు వద్దన్నాడు కాబట్టి సరిపోయింది గానీ, అనకపోయినా నేను ముట్టేవాణ్ణి కాదు."

"మరి చెప్పొచ్చుగా నాకు? పొగరనుకున్నాను. చలికాలమంతా తిట్టుకున్నాను నిన్ను, లోపల్లోపల."

"పైకే తిట్టావు చాలాసార్లు. ఎలా చెప్పమంటావు? నువ్వే రాత్రిళ్ళు నిద్దర్లో కాలితో బ్రేకు తొక్కుతున్నావు. నా పిక్కలు చూడు, నల్లగా కమిలిపోయాయి. అయినా పొద్దున లేచి పోయావు క్లాసుకి, ఇవాళ తాళాలూ తీసుకున్నావు. దానికి నేనేమంటాను?"

ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు, రెండూ కలిసే వచ్చాయి, ముక్కు తుడుచుకోవడానికి చెయ్యి తీశాను, బండి ఆగే ఉంది కదా.

"నీళ్ళు రోడ్డు మీదున్నాయి," అన్నాను.

"చూస్తున్నా. కంకర గట్టిదే కింద, పోయినేడే వేశారు. రెండో గేరులో పెట్టు, మధ్యలో పో, ఆగకు. నువ్వు ఆ మలుపు తిరిగితేగానీ నేను దిగను."

"దిగు."

"మలుపు తిరుగు, దిగుతా. సాయంత్రం వచ్చాక... నన్ను గేటుదాకా తీసుకెళ్ళు. ఒక్క గేటుదాకానే. ఆ గిన్నెని తీసి వెనక పెట్టు."

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ముక్కు గోక్కున్నాను తనివితీరా, కళ్ళజోడు పైకి నెట్టుకున్నాను. రెండో గేరు. నీళ్ళు చక్రాలకి తగలగానే చప్పుడు మారింది, పెనం మీద నీళ్ళు చల్లినట్టు చుయ్యిమంది, ఎడంపక్క మడుగు, నా పేరుతో ఉన్న నా మడుగు, అందులో బాతులు దిగి తిరుగుతున్నాయి, నన్ను చూసి ఒక్కటీ లేవలేదు. మధ్యలో పో, ఆగకు. ఎక్కడో ఆ అడుగున ఒక ఈస్టరు గుడ్డు ఉండే ఉంటుంది, ముగ్గుతో సహా. అవతల ఒడ్డున పసుపుపచ్చ స్కూలు బస్సు ఆగి ఉంది, నాకు దారి ఇవ్వడానికి, నడిపే అమ్మాయి ఎవరో కొత్తమ్మాయి, పాతికేళ్ళు ఉండవు, ఆమె చేతులూ స్టీరింగ్ మీద అలాగే అతుక్కుని ఉన్నాయి, నీళ్ళ వైపు అలాగే చూస్తోంది కళ్ళు పెద్దవి చేసుకుని. నాకు తెలుసు ఆ చూపు. చక్రాలు గట్టి నేల ఎక్కాయి. బస్సు పక్కకి వచ్చేసరికి నా కుడిచెయ్యి చూపుడువేలు లేచింది, ఒక్కటే, మిగతా తొమ్మిదీ ఉన్నచోటే ఉన్నాయి. ఆ అమ్మాయి ఉలిక్కిపడి చూసి, ఒక క్షణం ఆలోచించి, తనూ ఒకటి లేపింది.

ముందర మలుపు. అద్దంలో మా గాదె వేలెడంత కనిపిస్తోంది, దాని పక్కన ఒక చుక్క, అది మనిషో నా కంటినీరో తెలియదు. బ్రేకు మీంచి కాలు తీసేశాను. అతనికి కనిపించే ఉంటుంది, దీపం ఆరడం.